మొదటి డ్రాఫ్ట్‌కీ రెండో డ్రాఫ్ట్‌కీ మధ్య: అమెరికా కాలేజీల్లో రాత ఎలా నేర్పుతారు

అమెరికాలో డిగ్రీలో చేరినవాళ్లు కంప్యూటర్ సైన్స్ తీసుకున్నా నర్సింగ్ తీసుకున్నా, మొదటి ఏడాది దాదాపు అందరూ చదవాల్సిన కోర్సు ఒకటుంది. కాలేజీని బట్టి ఇంగ్లిష్ 101 అంటారు, ఫ్రెష్‌మన్ కంపోజిషన్ అంటారు, ఫస్ట్ ఇయర్ రైటింగ్ అంటారు. పేరులో ఇంగ్లిష్ ఉంది కాబట్టి పోయెట్రీ, షేక్‌స్పియర్, గ్రామర్ బిట్లు ఉంటాయనుకుని వెళ్లే మన పిల్లలకి మొదటి వారంలోనే ఇది వేరే రకం క్లాసని అర్థమైపోతుంది. పాఠం వినడం తక్కువ, రాయడం ఎక్కువ. సెమిస్టర్‌కి మూడు నాలుగు పెద్ద వ్యాసాలు, ఒక్కోదానికి కనీసం రెండు డ్రాఫ్టులు, వాటి మధ్యలో క్లాసులోనే కూర్చుని రాసే చిన్న చిన్న రాతలు.

ఈ కోర్సు చెప్పేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో లెక్కలేనంత సరంజామా ఉంది. వర్క్‌షీట్లు, అసైన్‌మెంట్లు, స్లైడ్లు, మార్కులేసే రూబ్రిక్‌లు, క్లాసులో ఆడించే ఆటలు, ఏది కావాలంటే అది దొరుకుతుంది. వీటిలో నిజంగా పనికొచ్చేదేదో, గంట గడపడానికి మాత్రమే ఉపయోగపడేదేదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ యాక్టివిటీ అయ్యాక విద్యార్థి తన డ్రాఫ్ట్‌లో ఏదైనా మారుస్తాడా? మార్చకపోతే, క్లాసు ఎంత సందడిగా గడిచినా, రాత విషయంలో ఒరిగేది తక్కువే. ఇది కాస్త కఠినమైన కొలత అనిపించవచ్చు గానీ, ఈ రంగంలో వందేళ్లకు పైగా జరిగిన ప్రయోగాలు, పరిశోధనలు చూస్తే ఇంతకన్నా నమ్మదగ్గ కొలత ఇంకోటి కనిపించదు.

ముందు ఈ కోర్సు ఎలా పుట్టిందో చూద్దాం. హార్వర్డ్ 1874లో ఎంట్రన్స్ పరీక్షలో ఇంగ్లిష్ వ్యాసం పెట్టింది. పేరున్న స్కూళ్ల నుంచి వచ్చినవాళ్లు కూడా సరిగ్గా రాయలేకపోతున్నారని ప్రొఫెసర్లు గగ్గోలు పెట్టారు. 1885లో ‘ఇంగ్లిష్-A’ అనే కోర్సు మొదటి ఏడాది వాళ్లకి తప్పనిసరి అయింది, మిగతా కాలేజీలు కూడా అదే దారి పట్టాయి. తరచుగా వ్యాసాలు రాయించడం, తప్పులు దిద్ది వెనక్కివ్వడం, అదీ అప్పటి పద్ధతి. దిద్దేవాళ్ల నడుం విరిగిపోయింది. 1911లో ఇంగ్లిష్ టీచర్ల జాతీయ సంఘం ఏర్పడింది. 1912 జనవరిలో దాని పత్రిక తొలి సంచికలో మొట్టమొదటి వ్యాసం ఎడ్విన్ హాప్‌కిన్స్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్ రాశారు. ఇప్పుడున్న పరిస్థితుల్లో రాత బాగా నేర్పడం సాధ్యమా అన్నది శీర్షిక. వ్యాసంలో మొదటి మాటే, కాదు అని. ఒక్కో టీచరు మీద ఎన్ని కాగితాలు పడుతున్నాయి, అన్నీ చదివి దిద్దడానికి మనిషికి ఎంత సేపు పడుతుంది అన్నదే ఆయన ఆవేదన.

ఆ పరిస్థితి ఇప్పటికీ పూర్తిగా మారలేదు. పెద్ద యూనివర్సిటీల్లో ఈ కోర్సు చెప్పేది చాలావరకు ఎంఏ, పీహెచ్‌డీ చదువుతున్న విద్యార్థులు, లేదా సెమిస్టర్ లెక్కన కాంట్రాక్టు మీద పనిచేసే అడ్జంక్ట్‌లు. ఇరవై రెండేళ్ల అమ్మాయి ఆగస్టులో కొన్ని రోజుల ట్రైనింగ్ తీసుకుని, తనకన్నా నాలుగేళ్లు చిన్నవాళ్ల ముందు నిలబడాలి. రేపు పొద్దున ఎనిమిదింటి క్లాసులో ఏం చేయించాలి అని రాత్రి వెతుక్కునే మనిషికి రెడీమేడ్ యాక్టివిటీ చాలా పెద్ద ఊరట. ఇంత సరంజామా పోగుపడడానికి కారణం అదే. అందులో తప్పేం లేదు. కాకపోతే అలా దొరికింది దొరికినట్టు వాడితే సోమవారం ఒక ఆట, బుధవారం ఒక వర్క్‌షీట్, శుక్రవారం ఒక వీడియో అయిపోయి, విద్యార్థి రాస్తున్న వ్యాసానికీ వీటికీ సంబంధం తెగిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ దొరికేవి గ్రామర్ వర్క్‌షీట్లు. కామా ఎక్కడ పెట్టాలి, ఏ టెన్స్ వాడాలి, ఖాళీలు పూరించండి. వీటి గురించి తేలాల్సింది ఎప్పుడో తేలిపోయింది. 1963లో రిచర్డ్ బ్రాడక్ అనే పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, విడిగా గ్రామర్ పాఠాలు చెప్పడం వల్ల రాత మెరుగుపడడం లేదని, రాయడానికి ఉండాల్సిన సమయం అది తినేస్తోంది కాబట్టి నష్టమే చేయొచ్చని తేల్చారు. అయినా వర్క్‌షీట్లు ఆగలేదు, ఎందుకంటే వాటిని దిద్దడం తేలిక, క్లాసు క్రమశిక్షణగా ఉన్నట్టూ కనిపిస్తుంది.

ఈ తరం పిల్లలకి రాయడమే రాదు అన్న మాట ప్రతి తరంలోనూ వినిపిస్తూనే ఉంది, అందుకే ఇక్కడ కొన్ని అంకెలు చెప్పుకోవాలి. రాబర్ట్ కానర్స్, ఆండ్రియా లన్స్‌ఫర్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1980ల్లో దేశం నలుమూలల నుంచి కాలేజీ వ్యాసాలు తెప్పించి, 3,000 వ్యాసాల్లో తప్పులు లెక్కపెట్టించారు. 100 మాటలకి 2.26 తప్పులు వచ్చాయి. అంతకుముందు జరిగిన సర్వేలు తిరగేస్తే 1917లో 2.11, 1930లో 2.24. ఆ తర్వాత 2006 నాటి వ్యాసాలతో లన్స్‌ఫర్డ్ మళ్లీ చేయిస్తే 2.45. దాదాపు తొంభై ఏళ్లలో తేడా అంతే. మారింది నిడివి: 1917లో సగటు వ్యాసం 162 మాటలైతే 2006లో వెయ్యి దాటింది. అంటే ఇప్పటి విద్యార్థిని ఆరు రెట్లు పెద్ద వ్యాసం రాయమంటున్నారు, ఆధారాలు చూపించి వాదించమంటున్నారు, అయినా తప్పుల రేటు ఇంచుమించు అక్కడే ఉంది. మన దగ్గర కూడా ఇప్పటి పిల్లలకి తెలుగూ రాదు, ఇంగ్లిషూ రాదు అని తిట్టేవాళ్లు ఇలాంటి లెక్క ఒక్కటైనా చేసి మాట్లాడితే బాగుండు.

తప్పుల విషయంలో అందరికన్నా దయగా, అందరికన్నా శ్రద్ధగా పనిచేసిన మనిషి మీనా షాగ్నెసీ. న్యూయార్క్ నగర యూనివర్సిటీ 1970లో హైస్కూల్ పాసైన నగరవాసులందరికీ తలుపులు తెరిచింది. అప్పటిదాకా కాలేజీ మొహం చూడని పేద, నల్లజాతి, ప్యూర్టోరికన్ కుటుంబాల పిల్లలు పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్ల రాత చూసి చాలామంది ప్రొఫెసర్లు చేతులెత్తేస్తే, సిటీ కాలేజీలో పనిచేసే షాగ్నెసీ ఆ పిల్లలు రాసిన దాదాపు 4,000 వ్యాసాలు ముందేసుకుని చదివారు. ప్రతి తప్పు వెనకా ఒక తర్కం ఉందని చూపించారు. ఈ మాట తెలుగువాళ్లకి వెంటనే అర్థమవ్వాలి. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనవాళ్లు ఇంగ్లిష్ రాసేటప్పుడు ‘ద’ వదిలేస్తారు, లేదా అక్కర్లేని చోట పెడతారు. అది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అంతకన్నా కాదు. ఆ కారణం తెలిసిన టీచరు, మీ వ్యాసంలో ప్రతి నామవాచకం దగ్గర ఒక్కసారి ఆగి, ఇది చదివేవాళ్లకి ముందే తెలిసిందా, కొత్తదా అని మిమ్మల్ని మీరే అడగండి అంటుంది. అది సొంత వ్యాసం మీద చేసే పని కాబట్టి యాభై ఖాళీలు పూరించడం కన్నా బాగా ఎక్కుతుంది.

దీనికి తోడుగా వాడదగ్గ పద్ధతి ఒకటి 1983లో రిచర్డ్ హాస్వెల్ అనే ప్రొఫెసర్ ప్రచురించారు. చాలా సింపుల్. టీచరు తప్పు దిద్దరు, తప్పేంటో కూడా చెప్పరు. తప్పున్న లైను పక్కన మార్జిన్‌లో ఒక టిక్ పెడతారు, అంతే. రెండు తప్పులుంటే రెండు టిక్కులు. వ్యాసం వెనక్కిచ్చాక క్లాసులోనే పావుగంట టైమిచ్చి, ఎవరి తప్పులు వాళ్లే వెతుక్కుని దిద్దుకోమంటారు. సగానికి పైగా తప్పులు విద్యార్థులు సొంతంగానే దిద్దుకోగలిగారని ఆయన లెక్క. అంటే ఆ తప్పులు తెలియక చేసినవి కావు, చూసుకోక చేసినవి. మిగిలిపోయినవే అసలు నేర్పాల్సినవి. టీచరుకి బోలెడంత సమయం మిగులుతుంది.

తప్పులు పక్కన పెడితే, అసలు కష్టం తిరగరాయడం దగ్గర వస్తుంది. 1980లో నాన్సీ సోమర్స్ అనే పరిశోధకురాలు ఇరవై మంది మొదటి ఏడాది విద్యార్థుల్నీ, ఇరవై మంది అనుభవమున్న రచయితల్నీ తీసుకుని, రెండు గుంపుల చేతా వ్యాసాలు రాయించి, ఒక్కోదాన్ని రెండేసి సార్లు తిరగరాయించారు. విద్యార్థులు మాటలు మార్చారు. ఈ మాట రెండుసార్లు వచ్చింది, దీని బదులు ఇంకో మాట పెడదాం, ఈ వాక్యం తీసేద్దాం, ఇలా. అనుభవజ్ఞులు మాత్రం వాదననే మార్చారు. చివరి పేరా మొదటికి తెచ్చారు, సగం కొట్టేశారు, రాస్తూ ఉండగా తాము అసలు చెప్పదలుచుకున్నది వేరే అని కనిపెట్టారు. విద్యార్థులకి అలా చేయడం చేతకాక కాదు, వ్యాసం మొత్తాన్ని ఒక్కసారిగా చూసే ఉపాయం వాళ్లకి ఎవరూ చూపించలేదు.

ఆ ఉపాయం చూపించే యాక్టివిటీల్లో రివర్స్ అవుట్‌లైన్‌ని మించింది లేదు. మామూలుగా రాయకముందు అవుట్‌లైన్ వేసుకోమంటారు, ఇది రాశాక వేసేది. డ్రాఫ్ట్‌లో పేరాలకి నంబర్లు వేసి, విడి కాగితం మీద ఒక్కో పేరా గురించి రెండు చిన్న వాక్యాలు రాయాలి: ఈ పేరా ఏం చెబుతోంది, వ్యాసంలో ఇది ఏం పని చేస్తోంది. మొదటిది అందరూ రాసేస్తారు, రెండోదాని దగ్గర కలం ఆగుతుంది. ఉదాహరణకి క్యాంపస్‌లో రాత్రి బస్సులు పెంచాలని ఒక విద్యార్థి ఆరు పేరాలు రాశాడనుకోండి. అవుట్‌లైన్ వేసి చూస్తే మొదటి మూడు పేరాలూ బస్సులు తక్కువున్నాయన్న ఒకే సంగతి మూడు రకాలుగా చెబుతున్నాయి, నాలుగోది యూనివర్సిటీ చరిత్ర, డబ్బెక్కడి నుంచి వస్తుందన్న ముఖ్యమైన ప్రశ్న ఆరో పేరాలో ఒక్క వాక్యంగా నక్కి ఉంది. ఇది ఎవరూ చెప్పక్కర్లేదు, కాగితం మీద అతనికే కనిపిస్తుంది. నాలుగో పేరా ఎగిరిపోతుంది, ఆ ఒక్క వాక్యం పేరా అవుతుంది. పైన చెప్పిన కొలతకి ఇది పూర్తిగా నిలబడుతుంది, ఖర్చు ఒక తెల్ల కాగితం.

పీర్ రివ్యూ, అంటే ఒకరి డ్రాఫ్ట్ ఇంకొకరు చదివి అభిప్రాయం చెప్పడం, ఈ కోర్సులో అందరూ చేయించేదే, ఎక్కువసార్లు చెడిపోయేదీ ఇదే. పక్కవాడి మనసు నొప్పించడం ఇష్టం లేక చాలా బాగుంది, కామాలు చూసుకో అని రాసిచ్చేస్తారు. తప్పు పిల్లలది కాదు. వ్యాసం ఎలా ఉంది అని అడిగితే ఎవరైనా అలాగే చెబుతారు. తీర్పు అడగకుండా, చదివేటప్పుడు ఏం జరిగిందో చెప్పమని అడగాలి. ముగ్గురేసి కూర్చుంటారు, రాసినవాళ్లు డ్రాఫ్ట్ పైకి చదువుతారు, మిగతా ఇద్దరూ కాగితం చూడకుండా వింటారు. అయ్యాక ఆ ఇద్దరూ, నువ్వు చెబుతున్నది నాకు ఇలా అర్థమైంది అని సొంత మాటల్లో తిరిగి చెబుతారు. ఈ లోపు రాసినవాళ్లు నోరు విప్పకూడదు, అది ముఖ్యం. వాళ్లకి అర్థమైందీ తను చెప్పదలుచుకున్నదీ వేరని తెలిసిన క్షణంలో విద్యార్థి మొహం మారిపోతుంది, ఆ తర్వాత తిరగరాయమని బతిమాలాల్సిన పని ఉండదు. రెండో రౌండ్‌లో ఎక్కడ నమ్మలేకపోయారో, ఎక్కడ దారి తప్పారో ఆ వాక్యం కింద గీత గీసి ఇస్తారు. చివరి పది నిమిషాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకూడదు: రాసినవాళ్లు తాము ఏం మార్చబోతున్నారో మూడు నాలుగు వాక్యాల్లో అక్కడే రాసి, రెండో డ్రాఫ్ట్‌తో పాటు జతచేయాలి. ఈ ముక్క లేకపోతే బెల్లు కొట్టగానే విన్నదంతా గాలికి పోతుంది.

ఆధారాల దగ్గరికి వస్తే, వెబ్‌సైట్‌ని నమ్మొచ్చో లేదో తేల్చుకునే చెక్‌లిస్టులు చాలా కాలేజీల్లో ఇంకా పంచుతున్నారు. డొమైన్ చివర ఏముంది, డిజైన్ ఎలా ఉంది, అబౌట్ పేజీ ఉందా అని టిక్కులు పెట్టించేవి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ అనే పరిశోధకులు పదిమంది చరిత్రకారుల్ని, నిజానిజాలు తేల్చడమే వృత్తిగా ఉన్న పదిమంది ఫ్యాక్ట్ చెకర్లని, పాతికమంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల్ని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి ఎలా చదువుతారో గమనించారు. పిల్లల వైద్యుల సంఘాల సైట్లు రెండు ఇచ్చారు. ఒకటి దేశంలో అతిపెద్ద సంఘానిది, ఇంకోటి ఒక రాజకీయ అభిప్రాయం కోసం దాన్నుంచి విడిపోయిన చిన్న గుంపుది, పేర్లు మాత్రం ఒకేలా ఉంటాయి. విద్యార్థులే కాదు, డాక్టరేట్లున్న చరిత్రకారులు కొందరు కూడా సైట్‌లోనే పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి తేల్చుకోలేకపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు క్షణాల్లో ఇంకో ట్యాబ్ తెరిచి, ఈ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూశారు. కాబట్టి క్లాసులో చేయించాల్సింది చెక్‌లిస్ట్ కాదు: విద్యార్థి తన వ్యాసంలో వాడుకుంటున్న ఒక ఆధారాన్ని తీసుకుని, ఆ సైట్ మూసేసి, దాని గురించి బయట దొరికింది పది నిమిషాల్లో పట్టుకురావాలి. నిలబడకపోతే వ్యాసంలోంచి తీసేయాలి.

ఇక్కడే మన విద్యార్థులకి ఒక పెద్ద గండం ఉంది. ఇంటర్‌లో గైడు చూసి జవాబు బట్టీ పట్టి, మాట పోకుండా రాస్తే మార్కులు వేసిన చదువు మనది. అదే అలవాటుతో అమెరికా వెళ్లి, ఎవరిదో వాక్యం నాలుగు మాటలు మార్చి రాస్తే అక్కడ ప్లేజియరిజం, అంటే రచనా చౌర్యం కేసు అవుతుంది. రెబెకా మూర్ హోవర్డ్ అనే ప్రొఫెసర్ ఇలా మాటలు మార్చి రాయడానికి ప్యాచ్‌రైటింగ్ అని పేరు పెట్టి, చాలాసార్లు ఇది దొంగతనం కాదు, కష్టమైన పాఠం పూర్తిగా అర్థం కానివాళ్లు నేర్చుకునే క్రమంలో వేసే అడుగు అని వాదించారు. ఆమె మాటలో న్యాయం ఉంది. మన దగ్గర నుంచి ఎక్కువమంది వెళ్లేది మాస్టర్స్‌కి, వాళ్లకి ఈ మొదటి ఏడాది కోర్సు ఉండదు, కాబట్టి డిగ్రీకి వెళ్లినవాళ్లకి దొరికే ఈ ప్రాక్టీస్ కూడా వాళ్లకి దొరకదు. ఎవరికి వాళ్లు చేసుకోగలిగేది ఒకటుంది: ఆధారం చదివి, మూసేసి, మరుసటి రోజు చూడకుండా మూడు వాక్యాల్లో రాసి, అప్పుడు మూలంతో పోల్చుకోవడం. వరసగా మూడు నాలుగు మాటలు కలిస్తే తిరిగి రాయడమో, కోట్ మార్కులు పెట్టడమో చేయాలి.

ఉచితంగా దొరికే వనరుల్లో పర్డ్యూ యూనివర్సిటీ రైటింగ్ ల్యాబ్ 1990ల నుంచీ నడుపుతున్న సైట్, ఆధారాన్ని ఎక్కణ్ణుంచి తీసుకున్నామో చూపించే సైటేషన్ నియమాలు చూసుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. దాన్ని డిక్షనరీలా వాడాలి తప్ప పాఠంగా చదివించకూడదు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ కేంద్రంగా, రాత నేర్పడం మీద పుస్తకాలు ప్రచురించే డబ్ల్యూఏసీ క్లియరింగ్‌హౌస్ అనే సైట్‌లో పుస్తకాలకి పుస్తకాలే ఉచితం. రైటింగ్ స్పేసెస్ అనే సిరీస్ 2010 నుంచి వస్తోంది, టీచర్లు నేరుగా విద్యార్థులతో మాట్లాడుతున్నట్టు రాసిన వ్యాసాలవి, వెలపెట్టి కొనే టెక్స్ట్‌బుక్‌ల కన్నా చాలాసార్లు ఇవే మెరుగు.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక ఈ కోర్సు చెప్పేవాళ్లకి టెన్షన్ మొదలైంది. కొందరు క్లాసులోనే పెన్నుతో రాయించడానికి వెళ్లిపోయారు. భయం అర్థమవుతుంది కానీ, గంటలో రాసి ఇచ్చేసే వ్యాసంలో తిరగరాయడమన్నదే ఉండదు, అంటే కోర్సులో విలువైన భాగమే పోతుంది. అంతకన్నా, డ్రాఫ్టుల మధ్య జరిగేదంతా బయటికి కనిపించేలా చేస్తే మేలు. రివర్స్ అవుట్‌లైన్, తోటివాళ్లు గీసిన గీతలు, ఏం మార్చబోతున్నానో రాసిన చీటీ, రెండు డ్రాఫ్టులూ కలిపి ఇవ్వమని, మార్కుల్లో మంచి వాటా వాటికి పెడితే, మెషీన్ చేత రాయించుకోవడంలో లాభం బాగా తగ్గిపోతుంది. పూర్తిగా పోదు.

ఇవన్నీ క్లాసు సైజు మీద ఆధారపడతాయి. రాత క్లాసులో 20 మందికి మించకూడదు, 15 అయితే మంచిది, ఒక టీచరుకి టర్ములో 60 మందికి మించి ఉండకూడదు అని కాలేజీ రాత టీచర్ల సంఘం ఎప్పటినుంచో చెబుతోంది. చాలా కాలేజీలు పాటించవు. పాతికేసి మందితో నాలుగు సెక్షన్లు చెప్పే అడ్జంక్ట్‌కి వందమంది, డ్రాఫ్ట్‌కి ఇరవై నిమిషాలు చొప్పున ఒక్క విడత చదవడానికే 33 గంటలు. ఇక ఆంధ్ర, తెలంగాణల్లో డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లిష్ క్లాసులో అరవై మంది కూర్చోవడం మామూలే, అక్కడ ప్రతి వ్యాసం మీదా కామెంట్లు రాయమని లెక్చరర్‌ని అడగడం అన్యాయం. కానీ పైన చెప్పిన వాటిలో మార్జిన్ టిక్కులు, రివర్స్ అవుట్‌లైన్, ముగ్గురేసి విని తిరిగి చెప్పడం, ఈ మూడింటికీ ఇంటర్నెట్ అక్కర్లేదు, ప్రొజెక్టర్ అక్కర్లేదు, దిద్దే పనీ పెరగదు, ఇంగ్లిష్‌కే కాదు తెలుగు వ్యాసానికీ అంతే బాగా పనిచేస్తాయి. కావాల్సిందల్లా ఒకటే, సిలబస్‌లో వ్యాసాల సంఖ్యని రెండుకి తగ్గించి, ఒక్కోదాన్ని రెండుసార్లు రాయించడానికి సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఒప్పుకోవడం. అటానమస్ కాలేజీలకి తమ సిలబస్ తామే దిద్దుకునే వీలుంది కాబట్టి, మొదలుపెట్టాల్సింది వాళ్లే.